సూర్యలంకలో బీచ్ లేదు

బీచ్ అనే ఇంగ్లీషు మాటకు మొదటి అర్థం గులకరాళ్ళు. పదహారో శతాబ్దంలో ఇంగ్లండు దక్షిణపు అంచున, ససెక్స్, కెంట్ ప్రాంతాల జనం అలలు అరగదీసిన నున్నటి రాళ్ళను ఆ పేరుతో పిలిచేవాళ్ళు. ఆ మాట ఎక్కడ పుట్టిందో వాళ్ళ నిఘంటుకారులే ఇప్పటికీ తేల్చలేదు. రాళ్ళకున్న పేరు మెల్లగా రాళ్ళు పరుచుకున్న చోటికి పాకింది. ఆ తర్వాత రాయి ఉన్నా లేకున్నా, ఇసుకైనా సరే, సముద్రం తడిపి వదిలే నేలంతా బీచే అయింది. పుట్టినప్పటి అర్థాన్నే పట్టుకుంటే సూర్యలంకలో బీచ్ లేదు. బాపట్ల నుంచి 9 కిలోమీటర్లు పోయి అక్కడ నిలబడితే కాలికింద జారే ఇసుక, వెనక సరుగుడు తోపులు, ఎదురుగా బంగాళాఖాతం. ఇది మాటలతో ఆడే చమత్కారమే, కాదనను. అయితే ఒక మాట పుట్టింట్లోనే ఇన్నిసార్లు అర్థం మార్చుకుందంటే, మనింటికి వచ్చాక అది ఏ అర్థంతో కాపురం చేస్తోందో ఒకసారి చూసుకోవడం మంచిది. ఎందుకంటే సూర్యలంక అన్న పేరు వెనక ఇవాళ బీచ్ అనే తోక లేకుండా పత్రికల్లోగానీ, బస్సు బోర్డు మీదగానీ, ప్రభుత్వ ఉత్తర్వులోగానీ కనబడటం అరుదు.

బీచ్‌కు పర్యాయపదాలు రాయమని బడిలో అడిగితే షోర్, కోస్ట్, స్ట్రాండ్, సీసైడ్ అని రాస్తారు, మార్కులు పడతాయి. తెలుగులో అడిగితే తీరం, ఒడ్డు, గట్టు, దరి, కోస్తా. వాటికీ మార్కులు పడతాయి. పర్యాయపదం అన్న ఏర్పాటే అలాంటిది: దగ్గరి చుట్టాలందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అందరూ ఒకటే అంటుంది. కోస్తానే చూడండి. కోస్ట్‌కు మూలమైన లాటిన్ మాటకు పక్కటెముక అని అర్థం. ఓడలో వస్తున్నవాడికి నేల పక్కటెముకలా కనిపించడమే దాని వెనకున్న చూపు. పోర్చుగీసువాళ్ళ ద్వారా అది మనకు కోస్తాగా చేరింది. చేరాక మనం దాన్ని ఇసుకకు కట్టలేదు, జిల్లాలకు కట్టాం. అలల చప్పుడు వినిపించని తెనాలి కూడా కోస్తానే. కోస్తాలో కూర్చుని మొక్కజొన్న కండె తిన్నామని ఎవరూ అనరు. అంటే కోస్తా ఒక ప్రాంతానికీ, రాజకీయానికీ, వాతావరణ సూచనకూ పనికొచ్చే మాట. మిగతావి కూడా ఇలా ఒక్కొక్కటీ ఒక్కో మనిషి సముద్రంతో పెట్టుకున్న సంబంధానికి పేర్లు. ఈ కథనం చెప్పదలచుకున్నది ఇంతే: బీచ్ అనేది కూడా అలాంటి ఒక సంబంధానికి, చూసి పోవడానికి వచ్చినవాడి సంబంధానికి పేరు. దాన్ని ఆ పనికి వాడుకుంటే తప్పులేదు. మొత్తం చోటుకే పేరుగా పెడితే మిగతా సంబంధాలు కంటికి కనబడకుండా పోతాయి.

పాతవాళ్ళు ఈ తేడాలను ఎలా పట్టించుకున్నారో అమరకోశం చూస్తే తెలుస్తుంది. అది కూలం, రోధస్సు, తీరం, ప్రతీరం, తటం అని ఒక వరస చెప్పి, నీళ్ళలోంచి పైకి తేలిన నేలకు పులినమనీ, ఇసుకతో నిండినదానికి సైకతమనీ వేరే పేర్లు పెట్టింది. ఒకే వరసలో ఉన్న మాటలు కూడా ధాతువుల దగ్గర విడిపోతాయి. రోధస్సు అడ్డుకునేది. తీరం దాటడమనే ధాతువు నుంచి వచ్చింది; తీర్థం దానికి తోడబుట్టినదే. నీటిని ఆపేది ఒకటి, నీటిని దాటి చేరేది ఇంకొకటి. వేల అనే మాటకు సముద్రపు పోటు, కాలం, హద్దు అని మూడర్థాలు. పొద్దును బట్టి జరిగే గీతకు ఇంతకన్నా తెలివైన పేరు పెట్టడం కష్టం. తెలుగు మాటలకు వస్తే గట్టు, కట్ట మనిషి చెయ్యి పడినవి. దరి అంటే దగ్గర అని కూడా అర్థం. దరికి రావడమంటే దగ్గరకు రావడమే. ఒడ్డు అనే నామవాచకం పక్కన ప్రాణం ఒడ్డడం, పందెం ఒడ్డడం అనే క్రియను పెట్టి వింటే, ఎదురుగా నిలబెట్టడమనే ధ్వని రెండిట్లోనూ వినిపిస్తుంది. ఇక అచ్చంగా సముద్రానికే కేటాయించిన మాట చెలియలికట్ట. సముద్రం దాటకూడని హద్దుకు చెల్లెలి పేరుతో కట్ట వేసిన భాష ఇది. ఆ మాటను విశ్వనాథ సత్యనారాయణ ఒక నవలకు పేరుగా పెట్టాడు కాబట్టి సాహిత్యంలో బతికింది గానీ, సముద్రం పక్కన ఇప్పుడెవరూ దాన్ని పలకడం లేదు.

నిఘంటువుల్లో అర్థాలు ఎంత వెతికినా దొరకనిది జాతీయాల్లో దొరుకుతుంది. కష్టాల్లోంచి బయటపడ్డవాణ్ణి మనం ఒడ్డున పడ్డాడంటాం, గట్టెక్కాడంటాం, దరిచేరాడంటాం. కూతురి పెళ్ళి చేసిన తండ్రి ఒడ్డున పడతాడు, పరీక్ష తప్పుతుందనుకున్న కుర్రాడు గట్టెక్కుతాడు, సినిమా ఆడితే నిర్మాత ఒడ్డుకు చేరతాడు. తెలుగులో నేలను తాకడమంటే బతకడం. ఇంగ్లీషులో సరిగ్గా దీనికి తిరగబడ్డ మాటలున్నాయి. స్ట్రాండ్ అంటే పాత ఇంగ్లీషులో ఒడ్డే. స్ట్రాండెడ్ అంటే మాత్రం దిక్కుతోచక చిక్కుకుపోయినవాడు. బీచ్‌ను క్రియగా వాడితే ఓడ ఇసుకలో కూరుకుపోవడం, తిమింగలం గట్టున పడి చావడం. రైలు తప్పిపోయి స్టేషన్లో రాత్రంతా కూర్చున్న మనిషిని ఇంగ్లీషువాడు ఒడ్డున పడ్డాడంటాడు. మన దగ్గర ఆ మాట చెబితే ఇంటికి క్షేమంగా చేరాడనుకుని ఊరుకుంటాం. ఒకే ఇసుక, ఒకే నీళ్ళు; ఒక భాషలో మోక్షం, ఇంకో భాషలో ఆపద. ఇంగ్లీషు మాట ఓడ మీద నిలబడి నేలను చూసింది. ఓడకు నేల తగలడం నాశనం. తెలుగు మాట నీళ్ళలో కొట్టుకుంటున్న మనిషి కళ్ళతో నేలను చూసింది. షోర్‌కు క్షేమంగా చేరడమనే మాట ఇంగ్లీషులోనూ ఉంది కదా అని ఎవరైనా అడగవచ్చు. ఉంది. కానీ రోజువారీ మాటల్లో స్థిరపడి, సముద్రంతో సంబంధం లేని కష్టాలకు కూడా వాడుకయ్యేది ఏదో చూస్తే ఇంగ్లీషులో మునిగిన ఓడే పైచేయి, తెలుగులో బతికిన మనిషే పైచేయి.

ఓడకు ఒడ్డు ఆపద అన్నది మాటల వరకే ఆగిన సంగతి కాదు. దాని మీద శాసనాలు పుట్టాయి. వాటిలో ఒకటి సూర్యలంకకు నైరుతిగా ఇదే తీరం వెంబడి పోతే తగిలే మోటుపల్లిలో ఉంది. కాకతి గణపతిదేవుడు 1244లో అక్కడ వేయించిన అభయశాసనం సారాంశం ఇది: తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారాన్నీ, ఏనుగుల్నీ, గుర్రాల్నీ, రత్నాల్నీ వెనకటి రాజులు బలవంతంగా లాక్కునేవాళ్ళు, మేము మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోం. ప్రాణాన్ని పణంగా పెట్టి సముద్రం మీదకు వెళ్ళే వర్తకుల పట్ల దయతో ఇలా చేస్తున్నామని కూడా చెప్పుకున్నాడు. ఇది జరిగిన ముప్పై ఒక్క ఏళ్ళకు, 1275లో, ఇంగ్లండులో వెస్ట్‌మినిస్టర్ చట్టం వచ్చింది. పగిలిన ఓడలోంచి ఒక మనిషో, ఒక కుక్కో, ఒక పిల్లో ప్రాణాలతో బయటపడితే ఆ సరుకును రాజు దిక్కులేని సొమ్ముగా కలిపేసుకోకూడదని అందులో రాశారు. మనకు పిల్లి అవసరం పడలేదు. రాజుగారి మాట సరిపోయింది. హాస్యం పక్కన పెడితే, రెండు దేశాలూ ఒకే ప్రశ్నకు జవాబు వెతికాయి: సముద్రం విసిరేసిన వస్తువు ఒడ్డును తాకగానే ఎవరిదవుతుంది? మోటుపల్లి దగ్గర ఇసుకకు అప్పటిదాకా ఉన్న అర్థం రాజు ఉచ్చు. శాసనం దాన్ని వర్తకుడి రేవుగా మార్చింది. నేల అదే, అంగుళం కూడా జరగలేదు. ఆ శతాబ్దం చివర్లో మార్కో పోలో ముత్ఫిలి అని రాసిన చోటు ఈ మోటుపల్లేనని చరిత్రకారుల మాట.

ఇక్కడ ఒక అభ్యంతరానికి తావుంది. ఒడ్డు, గట్టు, దరి అన్నీ ఏటి మాటలు, చెరువు మాటలు. సముద్రానికి అవి అరువు మాటలే కదా, మరి సముద్రానికి తగిన సొంత మాట లేనప్పుడు బీచ్ తెచ్చుకుంటే నష్టమేమిటి? మాటలు ఏటి నుంచి వచ్చాయన్నది నిజమే. రావలసిందీ అక్కడినుంచే. ఈ ప్రాంతమంతా కృష్ణ తెచ్చి పోసిన మట్టి. రేపల్లె, బాపట్ల వైపు ఏది నది, ఏది సముద్రం, ఏది నేల అన్న హద్దులు గీత గీసినట్టు ఉండవు. ఊళ్ళ పేర్లే సాక్ష్యం. లంక అంటే ఏటి మధ్య తేలిన నేల. సూర్యలంకలో ఉన్నది ఆ లంకే, రావణుడిది కాదు. లంకెవానిదిబ్బలో లంకె ఉంది, దిబ్బా ఉంది. చీరాల పక్కన వాడరేవు పేరు ఓడల రేవు. పట్నమన్న మాట దక్షిణాదిలో రేవుపట్టణానికి పాత గుర్తు: నిజాంపట్నం, మచిలీపట్నం, కృష్ణపట్నం, విశాఖపట్నం, అన్నీ నీటి ఒడ్డువే. నిజాంపట్నానికి అంతకుముందు పెద్దపల్లి అని పేరు. డచ్చివాళ్ళు 1606లో, ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవాళ్ళు 1611లో ఇక్కడికే వచ్చి, ఆ పేరు నోరు తిరగక పెటపోలి అని రాసుకున్నారు. కోరమాండల్ తీరంలో ఇంగ్లీషువాళ్ళ తొలి మజిలీల్లో అదొకటి. ఇంత పేర్ల పట్టీలో, కూర్చుని సముద్రాన్ని చూసే చోటు అని అర్థమిచ్చేది ఒక్కటీ లేదు. దిగేది, దించేది, తేలేది, పోగయ్యేది, ఇవే ఉన్నాయి.

సముద్రానికి సొంత మాటలు లేవన్నది కూడా పూర్తి నిజం కాదు. చోటుకు మొత్తంగా ఒక మాట లేకపోయినా పనులకు మాటలున్నాయి. అలివి వల తీసుకోండి. పడవలో వలను అర్ధచంద్రాకారంగా సముద్రంలో వేసి, రెండు కొసలూ ఒడ్డుకు తెచ్చి, రెండు జట్లు ఇసుకలో కాళ్ళు తన్నిపెట్టి లాగుతారు. ఈ వేటకు రాయి పనికిరాదు, బురద పనికిరాదు. పొడవాటి చదునైన ఇసుకే కావాలి. ఆ ఇసుక వాళ్ళకు ప్రకృతి దృశ్యం కాదు, పనిముట్టు. అదే ఇసుక మధ్యాహ్నానికి చేపలు ఎండేసే కళ్ళం, సాయంత్రానికి వలలు బాగుచేసే కార్ఖానా, రాత్రికి పడవలు పడుకునే కొట్టం. కొంచెం వెనక్కు వస్తే దొరువు. ఉప్పునీటి పక్కనే ఇసుకలో తక్కువ లోతున నిలిచే మంచినీటి పొరను చేరడానికి తవ్వే గుంట అది. ఉప్పునీరు బరువు, మంచినీరు తేలిక. వాన కురిసి ఇంకిన నీరు ఉప్పునీటి మీద మీగడలా తేలుతుంది. లోతుగా తవ్వితే కింది ఉప్పు పైకి వస్తుంది, కాబట్టి మీగడను మాత్రమే తీసుకోవాలి. ఈ రైతు తెలివినే బాపట్లలోని ఉప్పునీటి వినియోగ పరిశోధన కేంద్రం గొట్టాలతో మెరుగుపరచి ఆధునిక దొరువుగా తీర్చిదిద్దింది. ఆ నీటితోనే ఇసుక నేలల్లో కూరగాయలు, వేరుశెనగ పండుతున్నాయి. ఇంకా ఇటు జరిగితే చవుడు, ఉప్పుటేరు, మడ అడవి. చినగంజాం వైపు ఉప్పు కొఠార్లు. చలికాలం దాటేవేళ రాత్రిపూట ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఎక్కివచ్చి గుడ్లు పెట్టేదీ ఈ ఇసుకలోనే. అటవీశాఖ ఆ గుడ్లను ఏరి కంచె వేసిన చోట్ల పొదిగిస్తోంది. తాబేలు భాష మనకు రాదు కాబట్టి అది ఈ చోటును ఏమంటుందో రాయలేం. వీటిలో ఏ ఒక్కదానికైనా బీచ్ అన్న మాట సరిపోతుందా? దొరువు తవ్వే రైతును నీ పొలం ఎక్కడ అని అడిగితే బీచ్‌లో అనడు.

తెలుగువాళ్ళు సరదాగా సముద్రానికి ఎన్నడూ పోలేదా, అంతా చెమటేనా అని అడిగితే అదీ న్యాయమైన ప్రశ్నే. పోయారు. కార్తిక పౌర్ణమినాడు సూర్యలంకకు వచ్చే జనసందోహం ఏ పర్యాటక శాఖా పిలిస్తే మొదలైంది కాదు. చుట్టుపక్కల పల్లెల నుంచి ఇంటిల్లిపాదీ తెల్లవారకముందే చేరి, మునకలు వేసి, ఇసుకలో దీపాలు వెలిగించి, తెచ్చుకున్న పులిహోర తిని పోవడం పాత సంప్రదాయం. అందులో భక్తి ఎంత, విహారం ఎంత అని తూచడానికి తక్కెడ లేదు. పిల్లలకు మాత్రం నూటికి నూరు పాళ్ళు విహారమే. అయితే ఈ ప్రయాణానికి జనం పెట్టుకున్న పేరు చూడాలి: సముద్రస్నానానికి పోతున్నాం. చోటు పేరు కాదు, చేసే పని పేరు. పౌర్ణమి వెళ్ళగానే ఆ పేరు కూడా ఇంటికి పోతుంది. ఇసుక మళ్ళీ వలలదీ పడవలదీ అవుతుంది. ఉత్తరాంధ్రలో తీర్థం అంటే జాతర. అక్కడ కూడా జనం కలిసిన సందర్భానికే ఆ పేరు. బీచ్ అలా కాదు. సందర్శకుడు ఇంటికి పోయాక కూడా, ఆషాఢంలో మంగళవారం మిట్టమధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు కూడా అది బీచ్‌గానే ఉంటుంది. చూసేవాడు లేకపోయినా చోటును చూసేవాడి పేరుతోనే పిలవడం మనకు కొత్త అలవాటు.

ఆ అలవాటు ఇంగ్లండులో కూడా మరీ పాతది కాదు. 1750ల్లో రిచర్డ్ రసెల్ అనే వైద్యుడు సముద్రపు నీటిలో మునిగితే, ఆ నీరు తాగితే రోగాలు పోతాయని రాసి, ససెక్స్‌లోని బ్రైటన్‌కు ధనికులను రప్పించాడు. అప్పటిదాకా అది చేపలు పట్టే ఊరు. వైద్యం వెంట విలాసం వచ్చింది. విలాసం వెంట హోటళ్ళు, రైళ్ళు వచ్చాయి. గులకరాళ్ళకు పేరైన మాట సెలవు దినానికి పేరైంది. బ్రైటన్‌లో ఇప్పటికీ కాలికింద గుచ్చుకునేవి రాళ్ళే అన్నది వేరే సంగతి. మన వైపు ఆ గాలి మద్రాసు నుంచి వీచింది. అక్కడ హార్బరు గోడలు కట్టడంతో దక్షిణాన ఇసుక మేటవేసి ఒడ్డు వెడల్పయింది. దాని వెంట గవర్నరు గ్రాంట్ డఫ్ 1884లో నడకదారి వేయించి, ఇటలీ పేరు అరువు తెచ్చి మెరీనా అని పెట్టాడు. అదే నగరంలో చెన్నై బీచ్ అనే రైల్వే స్టేషన్ ఉంది. మెరీనాకు పోదామని అక్కడ దిగితే కనిపించేది హార్బరు. అలలూ లేవు, ఇసుకా లేదు, పేరు మిగిలింది. విశాఖపట్నంలో రామకృష్ణ మిషన్ ఆశ్రమం పేరు ఆర్.కె.గా కుదించుకుపోయి బీచ్ ముందు చేరింది. ఇప్పుడు ఆ వరస మన తీరమంతా నడుస్తోంది: మంగినపూడి బీచ్, రామాపురం బీచ్, చివరికి వాడరేవు బీచ్. ఓడలు ఆగే రేవు అని పేరులోనే రాసి ఉన్న ఊరికి బీచ్ తోక తగిలించడం, హోటలుకు భోజనశాల హోటల్ అని పేరు పెట్టడం కన్నా విచిత్రం. అక్కడ రెండూ కనీసం ఒకటే పని చెబుతాయి.

పరాయి మాట కనబడగానే ఉలిక్కిపడే ఛాందసం అని దీన్ని కొట్టిపారేయవచ్చు. అది నా పక్షం కాదు. కోస్తా పరాయిదే, బోటు పరాయిదే. వేటకు పోయేవాడు ఫైబర్ బోటును తెలుగులోకి మార్చుకుంటూ కూర్చుంటే చేపలు ఆగవు. 2004 డిసెంబరు 26న ఈ తీరాన్ని తాకిన నీటికి మన దగ్గర పేరు లేదు. ఉప్పెన అంటే తుపాను గాలి నెట్టుకొచ్చే నీరు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచి వేలమందిని పొట్టన పెట్టుకున్నది ఉప్పెన. గాలీ వానా లేని ఆదివారం ఉదయం, సముద్రం అడుగున భూమి కదిలి వచ్చినదాన్ని ఉప్పెన అంటే అర్థం తప్పు. అందుకే జపాను మాట సునామీ ఒక్క రోజులో తెలుగైంది, రెండేళ్ళ పిల్లల నుంచి తొంభయ్యేళ్ళ ముసలమ్మల దాకా నోటికి పట్టింది. లేని మాట వచ్చింది, ఉన్న మాట చెడలేదు. ఉప్పెన ఉప్పెనగానే ఉంది. బీచ్ విషయంలో జరిగింది వేరు. విహారానికి వెళ్ళే చోటు అనే కొత్త అర్థంతో వచ్చి ఊరుకుంటే అది కూడా సునామీలాగే కుదురుకునేది. కానీ అది ఒడ్డు, రేవు, దిబ్బ, కళ్ళం అన్నిటి మీదా ఒకే దుప్పటి కప్పింది.

మాట మారితే చోటు మారుతుందా అన్నది అన్నిటికన్నా గట్టి అభ్యంతరం. ఇసుక ఇసుకే కదా! దీనికి జవాబు రెవిన్యూ రికార్డుల్లో ఉంది. అక్కడ సముద్రపుటొడ్డుకు ఇంకో పర్యాయపదముంది: పోరంబోకు. శిస్తు లెక్కకు బయట ఉన్న నేల అని మాత్రమే దాని అర్థం. శిస్తు రాని నేల ఎవరిదీ కాని నేలగా, ఎవరిదీ కాని నేల ఎవరైనా అడగదగ్గ నేలగా మారడానికి ఎక్కువ కాలం పట్టలేదు. చివరికి ఆ మాట పనికిరాని మనుషులకు తిట్టయింది. వల ఆరేసుకునేవాడు తరతరాలుగా అక్కడే ఉన్నా కాగితం మీద అతనికి గడి లేదు. తీరప్రాంత నియంత్రణ నిబంధనలు 1991లో వచ్చాక నేల కొత్త భాషలో రాయబడింది: పోటు గీత, ఆటు గీత, గీత నుంచి 500 మీటర్లు. 2011లో వాటిని తిరగరాసినప్పుడు మత్స్యకారుల ఉమ్మడి ఆస్తులు, చేపలు ఎండబెట్టే చోట్లు, జెట్టీలు పటాల్లో గుర్తించాలని చేర్చారు. మాట చేరాక కనీసం అడిగే హక్కు పుట్టింది. కొలత కూడా మాటను బట్టే మారుతుంది. ఆంధ్రప్రదేశ్ తీరరేఖ 974 కిలోమీటర్లని ఎన్నో ఏళ్ళు చదువుకున్నాం. ఇటీవల వివరమైన పటం మీద మళ్ళీ కొలిస్తే 1,053 తేలింది. సముద్రం వచ్చి కొత్త నేల ఇవ్వలేదు. ముతక పటంలో గీత దూకేసిన ఉప్పుటేళ్ళ మొగలూ వంపులూ లెక్కలోకి వచ్చాయి, అంతే. ముతక మాట కూడా ముతక పటం లాంటిదే, వంపులను దూకేస్తుంది.

సూర్యలంక విషయంలో ఈ దూకుడు ఇప్పుడు డబ్బు రూపంలో వస్తోంది. స్వదేశ్ దర్శన్ పథకం రెండో విడతలో ఇక్కడి పనులకు కేంద్రం 97 కోట్ల పైచిలుకు మంజూరు చేసింది. ఆ ప్రాజెక్టు పేరు సూర్యలంక బీచ్ ఎక్స్‌పీరియన్స్. పేరులో ఊరు తప్ప మిగతాదంతా సందర్శకుడిదే. బాపట్ల 2022 ఏప్రిల్‌లో జిల్లా అయింది; కొత్త జిల్లాకు ఆదాయం కావాలి, కుర్రాళ్ళకు పని కావాలి, మరుగుదొడ్లు, దీపాలు, ప్రాణరక్షకులు ఎక్కడైనా మంచివే. ఎవరూ వద్దనకూడదు. అయితే బీచ్ అని పేరు పెట్టి గీసిన పటంలో పార్కింగుకు చోటు అడగకుండానే వస్తుంది. వల ఆరేసే చోటు మాత్రం ఎవరో గుర్తుచేస్తేనే వస్తుంది. పటం గీసేవాడు దుర్మార్గుడు కానక్కరలేదు. అతని చేతిలో ఉన్న మాటలో ఆ చోటు లేదు, అంతే. ఒక చోటుకు రెండు మూడు పేర్లుండటం కష్టమేమీ కాదనడానికి సూర్యలంకే ఉదాహరణ. రక్షణశాఖ పరిభాషలో సూర్యలంక అంటే వైమానిక దళ స్థావరం, ఆకాశ్ క్షిపణుల్ని పేల్చి చూసే చోటు. అక్కడెవరూ దాన్ని బీచ్ అని పిలవరు. బీచ్ కాబట్టి ఖాళీ చేయమనీ అనరు.

మత్స్యకారులే బీచ్ అంటున్నారు, ఇంకెవరి కోసం ఈ బెంగ అని చివరి ప్రశ్న రావచ్చు. అంటున్నారు, నిజమే. ఎక్కడ అంటున్నారో వినాలి. బీచ్‌లో కొట్టు పెట్టాం, బీచ్‌లో జనం ఎక్కువగా ఉన్నారు, ఆదివారం బీచ్ రద్దీ, ఇవి బీచ్ మాటలు. బోటు మాత్రం ఒడ్డుకొస్తుంది, బీచ్‌కు రాదు. వల ఒడ్డుకు లాగుతారు. శవం ఒడ్డుకు కొట్టుకొస్తుంది. ఒకే నోట్లో రెండు మాటలు, ఒకదాని గదిలోకి ఇంకొకటి పోకుండా, ఎవరూ వ్యాకరణం నేర్పకుండానే బతుకుతున్నాయి. మనం ముతకగా వాడుతున్నదాన్ని వాళ్ళు సన్నంగా వాడుతున్నారు. పర్యాటకుడికి అమ్మేటప్పుడు పర్యాటకుడి మాట, పని చేసేటప్పుడు పని మాట. కాగితాలు రాసేవాళ్ళూ, బోర్డులు పెట్టేవాళ్ళూ, మాలాంటి పత్రికలవాళ్ళూ ఈ తేడాను వాళ్ళ దగ్గర నేర్చుకోవలసి ఉంది.

తుపాను వచ్చినప్పుడు మాత్రం ఆ తేడా అందరికీ తెలిసిపోతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. తీరం దాటిందనే అన్నారు అందరూ. బీచ్ దాటిందని ఏ చానల్లోనూ ఏ యాంకరూ నోరు జారలేదు. అలాంటి రోజుల వార్తలు విడదీసి చూడండి. రేవుల్లో ప్రమాద సూచికలు ఎగరేశారు. వేటకు పోయినవాళ్ళు ఒడ్డుకు చేరారు. తీరం వెంబడి అలలు ఎగసిపడతాయి. ఉప్పెన ముప్పు ఉంది. దిబ్బల మీది ఇళ్ళవాళ్ళను ఖాళీ చేయించారు. కరకట్టలకు కాపలా పెట్టారు. పాత మాటలన్నీ ఒక్కసారిగా లేచి వచ్చి ఎవరి పని వాళ్ళు చేసుకుపోతాయి. బీచ్ అన్న మాట ఆ వార్తల్లో కనబడేది ఎక్కడో చివరి పేరాలో, ఒకే ఒక్క వాక్యంలో: సూర్యలంక బీచ్‌కు సందర్శకులను అనుమతించడం లేదు.